పది సెంట్ల చెరకు, నాలుగు వంటలు: సంక్రాంతి బెల్లం డైరీ

నాలుగుసార్లు బెల్లం వండితే మూడుసార్లు చెడింది. ఒకసారి గడ్డ కట్టలేదు, ఒకసారి రాయయింది, ఒకసారి సున్నం రుచి కొట్టింది. నాలుగోది భోగికి మూడు రోజుల ముందు కుదిరింది. హైడ్రోస్ (బెల్లం రంగు పోగొట్టే పొడి) వెయ్యకుండా ఇంటి మట్టుకు బెల్లం వండుకోవాలనుకునేవాళ్ళు ఇవే తప్పులు మళ్ళీ చెయ్యకుండా ఉంటారని తేదీలతో సహా రాసిపెడుతున్నాను. ఆలోచన ఎలా పుట్టింది, ఎవరు నవ్వారు లాంటివి వదిలేశాను.

ఊరు చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ఒక పల్లె. ఎర్ర గరప నేల, బోరు నీళ్ళు, డ్రిప్పు. రకం కో 86032. కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థ వాళ్ళది, 2000లో విడుదలైంది. మా పక్క బెల్లానికి దీన్నే ఎక్కువ వేస్తారు. పన్నెండు నెలల పంట.

దశ 1: తోట (జనవరి – నవంబరు 2024)

1. జనవరి 12: ఒంటికన్ను ముచ్చెలు (ఒక్కో కన్నున్న చెరకు ముక్కలు) 650 తీసి ట్రేలలో కొబ్బరిపొట్టు పోసి పెట్టాను. 35 రోజులకు మొలిచినవి 488. నూటికి 75. చలిలో పెట్టడం నా తప్పు. రాత్రిళ్ళు ట్రేల మీద పరదా కప్పి ఉంటే ఇంకొన్ని దక్కేవి.
2. ఫిబ్రవరి 18: సాళ్ళ మధ్య 4 అడుగులు, మొక్కల మధ్య 2 అడుగులు. 10 సెంట్లకు 545 మొక్కలు కావాలి. 57 తక్కువ పడ్డాయి. మార్చిలో మళ్ళీ ట్రేలు పెట్టి సందులు పూడ్చాను. ఆలస్యంగా నాటిన ఆ మొక్కలు చివరిదాకా పొట్టిగానే ఉండిపోయాయి.
3. యూరియా 45వ రోజు, 90వ రోజు మాత్రమే. తర్వాత చెరకు పాలిపోయినట్టు కనబడినా వెయ్యలేదు. ఆలస్యంగా నత్రజని పడితే గడ పెరుగుతూనే ఉంటుంది, పక్వానికి రాదు. బెల్లం మెత్తబడుతుంది.
4. ఆగస్టు: జడచుట్టు, అంటే గడలు పడిపోకుండా ఆకులతో జడలా చుట్టి కట్టడం. 16 సాళ్ళలో 12కే చేయించాను. మిగతా నాలుగింటికి కూలీలు దొరకలేదు, అందరూ వేరుశనగ కలుపులో ఉన్నారు. వారం తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆ వారం నవంబరు దాకా రాలేదు. నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ రాత్రీ మరునాడూ మాకు వాన, ఈదురుగాలి. పొద్దున పోయి చూస్తే కట్టిన 12 సాళ్ళు నిలబడే ఉన్నాయి. కట్టని నాలుగూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. గీత గీసినట్టు సరిగ్గా ఆ నాలుగే.

పంట ఖర్చు: విత్తనం, ట్రేలు 1,850, పశువుల ఎరువు 2,500, కలుపు, మట్టి ఎగదోయడం, జడచుట్టు 3,200, వేపపిండి 900.
ఇప్పటిదాకా: రూ. 8,450

దశ 2: తీపి కొలత

రసంలో తీపి కొలిచే చేతి రిఫ్రాక్టోమీటరు కొన్నాను, రూ. 1,150. అది చూపించే అంకె బ్రిక్స్, అంటే రసంలో కరిగిన తీపి నూటికి ఎంతని. గడను మూడు చోట్ల సూదితో గుచ్చి చుక్క రసం తీసి చూడాలి. కింది కణుపు ఒక్కటే చూసి కోతకు వచ్చిందనుకుంటే మోసపోతాం. పైన, కింద దాదాపు సమానమయ్యాకే పండినట్టు.

- నవంబరు 10: పైన 13, మధ్య 16, కింద 18.5
- నవంబరు 28: 15, 17.5, 19
- డిసెంబరు 5: 13.5, 16, 17.5 (వాన దెబ్బ)
- డిసెంబరు 19: 17, 19, 19.5
- జనవరి 8: 19, 20, 20.5

పెరిగిన తీపంతా తుఫానుకు దిగిపోయింది. డిసెంబరు 5 నుంచి డ్రిప్పు పూర్తిగా కట్టేశాను. నిలబడ్డ సాళ్ళు రెండు వారాల్లో కోలుకున్నాయి. పైవన్నీ వాటి లెక్కలే. పడ్డ గడలు డిసెంబరు 19న కూడా సగటున 17 దాటలేదు. వాటి కణుపుల దగ్గర వేళ్ళు, పక్క మొలకలు వచ్చేశాయి.

ఇప్పటిదాకా: రూ. 9,600

దశ 3: గానుగ, పెనం, మనిషి

పక్క ఊళ్ళో మా అమ్మ వైపు మామ ఒకాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ గానుగ దగ్గరే బతికిన మనిషి. ఆయన పాకలో డీజిల్ ఇంజనుతో తిరిగే మూడు రోళ్ళ గానుగ, ఐదడుగుల పెనం, గుంత పొయ్యి అట్లానే ఉన్నాయి. వంటకు గానుగ బాడుగ 600, మామకు 800, ఇద్దరు కూలీలకు 1,000. మొత్తం 2,400.

పొయ్యిలోకి చెరకు పిప్పే వాడాలి, కానీ మాది తొలి వంట. ఎండిన పిప్పి లేదు. మామిడి తోట కొట్టేసిన వాళ్ళ దగ్గర పాత కట్టె తెచ్చుకున్నాం. మామిడి కట్టెతో వచ్చే చిక్కేమంటే మంట లాగెయ్యాలన్నా వెంటనే లాగలేం, నిప్పులు కణకణమంటూనే ఉంటాయి. పిప్పి అయితే వెయ్యడం ఆపితే చాలు, నిమిషంలో చల్లబడుతుంది. ఇది రెండో వంటలో నా కొంప ముంచింది.

వంట 1: డిసెంబరు 21. గడ్డ కట్టలేదు

పడ్డ నాలుగు సాళ్ళు ముందు వదిలించుకుందామని 19నే నరికించాను. 20న గానుగ బెల్టు తెగింది. 21 పొద్దున ఆడాం. అంటే నరికిన 48 గంటలకు.

చెరకు 300 కిలోలు, రసం 162 కిలోలు (నూటికి 54), బ్రిక్స్ 17. అప్పటికి నా దగ్గర థర్మామీటరు లేదు.

రసం మరిగింది, తెట్టె తీశాం, చిక్కబడింది. మామ పాకం చుక్కను చల్లనీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి నొక్కుతాడు. ఉండ కట్టాలి. ఆ ఉండను పళ్ళేనికేసి కొడితే ఠంగుమనాలి. మాది ఉండ కట్టినట్టే కట్టి వేళ్ళ మధ్య జారిపోయింది. ఇంకో పది నిమిషాలు. మళ్ళీ జారింది. ఇంకో పది. రంగు ముదిరిపోయింది కానీ పాకం పడలేదు. చివరికి దించి పలక మీద పోస్తే మరునాటికి కూడా తారులా సాగుతోంది.

"ఎప్పుడు నరికినావు దీన్ని?" అన్నాడు మామ. చెప్పాను.

"నరికిన చెరుకు వండిన అన్నం మాదిరి అబ్బయ్యా. పూట దాటితే పులుస్తాది. నువ్వు రెండు దినాలు పెట్టినావు. ఇది బెల్లం కాదు, పాకం. డబ్బాలకు పోసుకో."

కారణం అదే. నరికిన గడలోనూ, పడి దెబ్బతిన్న గడలోనూ చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంది. అవి గడ్డ కట్టనివ్వవు, పైగా గాలిలో తేమను లాగుతాయి. ఎంత కాచినా లాభం లేదు, మాడుతుందంతే.

మార్చింది: నరికిన రోజే ఆడాలి. తెల్లవారుజామున 5కు కత్తి, 9కి గానుగ. పడ్డ గడల్లో మిగిలినవి మా బెల్లంలోకి రానివ్వకూడదు.

ఇప్పటిదాకా: రూ. 12,000. పాకం 27 కిలోలు. బెల్లం సున్నా.

వంట 2: డిసెంబరు 28. రాయి

ఈసారి వేలిని నమ్మను, అంకెను నమ్ముతాను అనుకున్నాను. పొడుగు కాడ థర్మామీటరు 650, రసం పులుపు కొలిచే పీహెచ్ కాగితాలు 180 (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). గడ్డ బెల్లానికి 118 డిగ్రీల దగ్గర దించాలి. 105, 106 దగ్గర దించితే పాకం బెల్లం. 120 దాటితే పొడి బెల్లం. ఇది ఎక్కడైనా దొరికే లెక్కే.

చెరకు 300 కిలోలు, అదే పొద్దున నరికింది. రసం 168 కిలోలు (56), బ్రిక్స్ 19. బెండకాయలు దంచి నీళ్ళలో పిసికిన జిగురు పోశాం. రసం వేడెక్కి ఇంకా మరగకముందే, 85 డిగ్రీల దగ్గర, తెట్టె దళసరిగా పైకి తేలుతుంది. బెండ జిగురు మురికిని పట్టి పైకి తెస్తుంది. ఆ సమయంలో మంట తగ్గించి నిదానంగా తియ్యాలి. ఒకసారి తెర్లడం మొదలైతే తెట్టె మళ్ళీ రసంలో కలిసిపోతుంది. పొంగు వస్తే చెంచాడు వేరుశనగ నూనె చిలకరిస్తే దిగిపోతుంది.

అంతా బాగానే నడిచింది. మీటరు 115 చూపించినప్పుడు మామ వేళ్ళ మధ్య ఉండ నొక్కి, పళ్ళేనికేసి కొట్టాడు. ఠంగుమంది.

"దించు దించు!"

"ఇంకా మూడు డిగ్రీలుంది మామా."

"యాడిదిరా మూడు డిగ్రీలు? పాకం వచ్చేసింది, దించమంటా ఉంటే!"

నేను దించనివ్వలేదు. 118 వచ్చేదాకా ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో ఆవిరి వాసన మారింది. వేయించిన కాఫీ గింజల వాసన, దాని వెనకే మాడు. మంట లాగుదామంటే మామిడి నిప్పులు. పెనం దించేసరికి అడుగు పట్టేసింది. పలక మీద పోసిన పావుగంటకే గట్టిపడింది, తెడ్డుతో తిప్పేటంత టైము కూడా ఇవ్వలేదు. మరునాడు సుత్తి పెట్టి కొడితే నిప్పురవ్వలు వస్తాయేమో అన్నట్టుంది.

ఆ రాత్రి ఇంట్లో గిన్నెలో నీళ్ళు తెర్లించి అదే మీటరు పెట్టాను. 96. సముద్రమట్టం నుంచి 300 మీటర్లు ఎక్కితే నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. చిత్తూరు ఎత్తు సుమారు అంతే కాబట్టి 99 చూపించాలి. నా మీటరు మూడు డిగ్రీలు తక్కువ చెబుతోంది. అంటే నేను 118 అనుకున్నది 121. మామ "దించు" అన్న 115 అసలు 118.

ఆ లెక్క కాగితం మీద రెండుసార్లు వేశాను, ఏమన్నా తేడా వస్తుందేమోనని. రాలేదు. పొద్దున్నే పోయి మామకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "మీటరుకు మూడు డిగ్రీలు కలుపుకో, నాకు మూడొందలు కలుపు" అన్నాడు. కూలి పెంచలేదు కానీ కోడిపులుసు పెట్టించాను.

మార్చింది: వంటకు ముందు ప్రతిసారీ మరిగే నీళ్ళలో మీటరు పరీక్ష. వేలు, మీటరు రెండూ ఒప్పుకుంటేనే దించాలి, ఒప్పుకోకపోతే వేలి మాటే చెల్లుతుంది. కట్టె బదులు మొదటి రెండు వంటల పిప్పి ఎండబెట్టాలి.

ఇప్పటిదాకా: రూ. 15,230. పాకం 27, రాతి బెల్లం 27 కిలోలు.

వంట 3: జనవరి 4. సున్నం

చెరకు 300 కిలోలు, రసం 171 కిలోలు (57), బ్రిక్స్ 19.5, పీహెచ్ 5.4. పుల్లటి రసాన్ని సున్నంతో 6.2 నుంచి 6.5 మధ్యకు తేవాలి. అప్పుడే మురికి బాగా విరుగుతుంది, కాగేటప్పుడు చక్కెర విరగదు.

నేను చేసింది: 200 గ్రాముల తడి సున్నం 2 లీటర్ల నీళ్ళలో కలిపి, కొంచెం కొంచెం పోస్తూ కాగితం ముంచి చూడడం. చెరకు రసానికి దాని రంగు దానికుంది, ఆకుపచ్చ కలిసిన బూడిద. కాగితం మీద ఆ రంగే పడి ఎంతకూ 5.5 లాగే కనబడింది. పొగ ఒకటి. పోస్తూ పోస్తూ రెండు లీటర్లూ అయిపోయాయి. ఉన్నట్టుండి రసం పసుపు తిరిగి, ఎర్రబడి, నల్లబడింది. అప్పుడు చూస్తే 8 పైనే.

30 కిలోలు వచ్చింది. చక్కగా గడ్డ కట్టింది, కానీ రంగు బొగ్గు, నాలుక మీద సబ్బు నాకినట్టు. నల్లబెల్లం అంటే మా వైపు సారా బెల్లమనే పేరు. బస్తా బండి మీద పెట్టుకుని రోడ్డెక్కితే ఎక్సైజు వాళ్ళు ఆపి అడిగినా అడుగుతారు. ఇంట్లోనే పెట్టుకున్నాను. జీవామృతానికి (పేడ, పశువుల మూత్రం, బెల్లం కలిపి చేసే ఎరువు) 200 లీటర్ల డ్రమ్ముకు 2 కిలోల బెల్లం కావాలి. అంటే పదిహేను డ్రమ్ముల సరుకు. మొక్కలు రుచి అడగవు.

మార్చింది: సున్నం సగానికి సగం పలచన. రసం గుడ్డలో వడకట్టి, తెల్ల పళ్ళెంలో, పాక బయట వెలుతురులో చూడాలి. చుక్క పడ్డ చోట కాకుండా తడి పాకిన అంచు దగ్గర రంగు చదవాలి.

ఇప్పటిదాకా: రూ. 17,650 (సున్నం 20తో కలిపి). పనికొచ్చే గడ్డ బెల్లం ఇంకా సున్నా.

వంట 4: జనవరి 10. కుదిరింది

కొత్త థర్మామీటరు, రూ. 900. మరిగే నీళ్ళలో 99 చూపించింది. గానుగ రోళ్ళ సందు మామ కొంచెం బిగించాడు.

చెరకు 400 కిలోలు. రసం 232 కిలోలు (58), బ్రిక్స్ 20, పీహెచ్ 5.4. చేసింది చేసినట్టు:

1. 5:00 – 7:30: నరకడం. మొవ్వు రెండు కణుపులు ఎక్కువ కోసి పడేశాం. అక్కడ తీపి తక్కువ, పులుపు ఎక్కువ.
2. 8:30: గానుగ. రసం రెండు వరసల గుడ్డలో వడపోత, అరగంట తేరనివ్వడం, అడుగు మడ్డి వదిలెయ్యడం.
3. 9:40: పిప్పి మంట. సున్నం 100 గ్రాములు 2 లీటర్లలో కలిపి, అందులో ఒకటింపావు లీటరే పోశాం. పీహెచ్ 6.4.
4. 10:10: బెండకాయలు 1.2 కిలోలు దంచిన జిగురు, 6 లీటర్లు. తెట్టె మూడుసార్లు. రెండోసారి తీశాక రసంలో పెనం అడుగు కనబడింది.
5. 10:50 నుంచి పూర్తి మంట. పొంగుకు రెండు చెంచాల నూనె.
6. 112 దగ్గర పిప్పి వెయ్యడం సగం చేశాం. 116 దగ్గర ఆపేశాం.
7. 1:25: మీటరు 118. మామ వేలు: "ఊ."
8. దించి, తెడ్డుతో పన్నెండు నిమిషాలు తిప్పి, తడిగుడ్డ పరిచిన పలక మీద పోసి, వేడి తగ్గాక కిలో ముద్దలు.

43 కిలోలు. చెరకు బరువులో నూటికి 10.75. రంగు తేనె కన్నా ముదురు, చింతపండు కన్నా లేత. విరిస్తే లోపల ఇసుక పలుకులా మెరిసింది.

కూలీల్లో ఒకతను ముందే చెప్పాడు, "అన్నా, చిటికెడు పౌడరు వేస్తే బంగారం మాదిరి వస్తాది" అని. పౌడరంటే హైడ్రోస్, సోడియం హైడ్రోసల్ఫైట్. రంగు పోగొట్టేది. తినడానికి కాకుండా చూడడానికి, 2 కిలోల పాకం పక్కకు తీసి అందులో అతనితోనే వేయించాను. కళ్ళ ముందే పసుపు తిరిగింది. ఆ ముద్దనూ మామూలు ముద్దనూ ఒకే అలమరలో పెట్టి చీటీలు అంటించాను.

జనవరి 11న చిత్తూరులో ఒక అంగడికి నాలుగు ముద్దలు తీసుకుపోయాను. అంగడాయన గోటితో గీకి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "బాగుండాది" అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "రంగు లేదు కదప్పా. పండక్కి పచ్చబెల్లమే అడుగుతారు" అని తిరిగిచ్చాడు. చివరికి తెలిసినవాళ్ళకే కిలో 90 చొప్పున 28 కిలోలు పోయింది. ఇంటికి 8, చుట్టాలకు 5.

ఇప్పటిదాకా: రూ. 20,950. మంచి బెల్లం 41 కిలోలు, పరీక్షకు 2.

పండగ పరీక్ష: జనవరి 14, 15 (2025)

సంక్రాంతి పొద్దున అమ్మ కొత్త కుండలో పొంగలి పెట్టింది. పాలు విరుగుతాయన్న భయంతో ఎప్పుడూ పొయ్యి మీద నుంచి దించాకే బెల్లం వేస్తుంది. నేను చిన్న గిన్నెల్లో వేడి పాలు పోసి విడిగా చూశాను. మొదటి వంట పాకం వేస్తే నిమిషంలో విరిగాయి. నాలుగో వంట బెల్లం వేస్తే విరగలేదు. పులుపు తేడా. అమ్మకు ఈ ప్రయోగం నచ్చలేదు, పండగ పూట పాలు విరగ్గొట్టానని.

కనుమ పశువుల పండగ. మామ ఎద్దులకు కొమ్ములకు రంగులేసి, పట్టెడలు కట్టి, ఉప్పు చెక్క తినిపించే పని నాకూ పడింది. ఆకులు, చెక్కలు, ఉప్పు కలిపి దంచిన ఆ చేదు పొడిని ఎద్దు నోరు తెరిచి లోపలికి తోయాలి. ఎర్రెద్దు రెండుసార్లు నా చొక్కా మీదే ఊసింది. మూడోసారి రాతి బెల్లం ముక్క చూపించాను. నోరు దానంతటదే తెరిచింది. మనిషి పళ్ళకు లొంగని బెల్లాన్ని అది పటపటా నమిలేసింది. 27 కిలోల్లో ఆ సాయంత్రం మూడు కిలోలు పశువులకే పోయింది. పొద్దు గూకాక పశువుల దేవుడు కాటమరాజు రాయి దగ్గర పొంగలి, ఊరి బయట చిట్లాకుప్ప (ముళ్ళకంప పోగేసి వేసే మంట). మిగిలిన పిప్పి నాలుగు మోపులు దాని మీద వేశాం. ముళ్ళకంప కన్నా ముందు అదే అంటుకుంది.

లెక్క

10 సెంట్లకు మొత్తం చెరకు 3,100 కిలోలు. వంటలకు 1,300. మిగిలిన 1,800 వేరే గానుగకు టన్ను 2,700 చొప్పున ఇచ్చేశాను: 4,860. బెల్లం 2,520. దోసెల్లోకని అడిగినవాళ్ళకు పాకం 12 కిలోలు: 960. వచ్చింది 8,340. పోయింది 20,950. నష్టం 12,610. నాలుగు వంటలూ నాలుగోదానిలా వచ్చి ఉన్నా, పెట్టుబడి పూర్తిగా తిరిగొచ్చేది కాదు. పది సెంట్లకు గానుగ బాడుగ, ముగ్గురి కూలి మోయడం కష్టం. ఇంకో రెండిళ్ళవాళ్ళు కలిసి ఒకే రోజు వండుకుంటే బాడుగ పంచుకోవచ్చు.

జనవరి 19

మోళ్ళు నేలమట్టానికి పదును కత్తితో చెక్కించాను. కార్శికి (మోళ్ళ నుంచే మళ్ళీ వచ్చే పంటకు) వదులుతున్నా. ఆకు చెత్త కాల్చలేదు, సాళ్ళ మధ్య పరిచాను. సందులు లెక్కపెడితే 41. ట్రేలలో 60 ముచ్చెలు పెట్టి, ఈసారి మీద పరదా కప్పాను.

ఫిబ్రవరి 4

అలమరలో ముద్దలు తీసి చూశాను. మామూలు ముద్ద రంగు మారలేదు. పౌడరు వేసిన ముద్ద పసుపు పోయి, మూలల దగ్గర మట్టిరంగు తిరిగింది. ట్రేలలో 60కి 52 మొలిచాయి. జడచుట్టుకు ఆగస్టులో నలుగురు కావాలని మామకు ఇప్పుడే చెప్పి పెట్టాను. పదహారు సాళ్ళకూ.